నేవీ బేస్ ఓపెన్ డేకి వెళ్తున్నారా? గేటు నుంచి గ్యాంగ్‌వే దాకా తెలుసుకోవలసినవి

ఏడాదంతా ముళ్లకంచె వెనక ఉండే నౌకాస్థావరం ఒకటి రెండు రోజులు జనానికి తలుపు తీస్తుంది. ఆ రోజు కూడా అది పనిచేసే స్థావరమే. మీరు ఎక్కి చూస్తున్న ఓడకు వచ్చే వారం సముద్రంలో పని ఉండొచ్చు, ఆ రాత్రికే కదలమని ఆదేశం రావచ్చు. గేటు దగ్గర సోదాలు, ఫోన్ల మీద ఆంక్షలు, ప్రకటనలో ఉన్న ఓడ తీరా వెళ్లాక కనిపించకపోవడం, బారు మధ్యలో ఆపేయడం, అన్నీ ఈ ఒక్క సంగతి నుంచి పుట్టేవే. ఇది తెలిసి వెళ్తే చిరాకులు సగం తగ్గుతాయి. మిగిలిన సగం సరైన చెప్పులు వేసుకోవడం, సరైన కాగితాలు పట్టుకెళ్లడంతో తగ్గుతాయి.

తేదీ, పేరు నమోదు

ప్రతి నౌకాదళానికీ తనదైన రోజు ఒకటి ఉంటుంది, సందర్శనలు ఎక్కువగా దాని చుట్టూనే పెడతారు. భారత నౌకాదళ దినోత్సవం డిసెంబర్ 4. 1971 యుద్ధంలో మిసైల్ బోట్లు కరాచీ రేవుపై దాడి చేసింది ఆ రాత్రే. రష్యాలో నౌకాదళ దినం జూలై చివరి ఆదివారం. జర్మనీలోని కీల్ నగరంలో 1882 నుంచి జూన్ చివర్లో తెరచాప పడవల పోటీల వారం జరుగుతుంది, ఆ రోజుల్లో అక్కడి టిర్పిట్జ్‌హాఫెన్ నేవీ రేవులో ఓడలు ఎక్కి చూడనిస్తారు. ఇవి కాక, యుద్ధనౌకలు మామూలు వాణిజ్య రేవులకు వచ్చి జనాన్ని ఎక్కనిచ్చే సందర్భాలుంటాయి. ఈ రెంటికీ తేడా గుర్తుపెట్టుకోండి. రెండోదాంట్లో మీరు ఓడలోకి మాత్రమే వెళ్తారు, స్థావరంలోకి కాదు. కాబట్టి తనిఖీ కొంత తేలిక.

ఓడల కార్యక్రమం ఖరారయ్యే దాకా ప్రకటన రాదు కనుక, వచ్చేసరికి ఎక్కువ వ్యవధి ఉండదు. నౌకాదళం సొంత పేజీలో చూసుకోండి. చేతులు మారి వచ్చే మెసేజ్‌లలో గత ఏడాదివి చాలా ఉంటాయి. ప్రకటనలో ముందుగా వెతకాల్సింది ఓడ పేరు కాదు. ఏ గేటు, చివరి ప్రవేశం ఎన్నింటికి, ఎవరికి అనుమతి, ఏ గుర్తింపు కార్డు చెల్లుతుంది, ఏవి తేకూడదు, ఈ అయిదూ చూడండి. పెద్ద స్థావరాలకు గేట్లు చాలా ఉంటాయి, వాటి మధ్య కిలోమీటర్ల దూరం. మ్యాప్‌లో స్థావరం పేరు కొట్టి బయల్దేరితే ఉద్యోగుల గేటు ముందు తేలడం మామూలే.

పేరు నమోదు చేసేటప్పుడు కార్డు మీద ఉన్నది ఉన్నట్టు, అక్షరం తేడా లేకుండా టైప్ చేయండి. కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, నమోదులో పొడి అక్షరం మాత్రమే ఉంటే కాపలా ఉన్నవాళ్లు పక్కన నిలబెడతారు. గేటు దగ్గర ఆలస్యానికి ఇంత మామూలు కారణం ఇంకోటి లేదు. కార్డు అసలుదే తీసుకెళ్లండి, ఫోన్‌లో ఫోటో చాలాచోట్ల చెల్లదు. పిల్లలకు కూడా ఏదో ఒక ఆధారం అడగొచ్చు. వేరే దేశపు పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు బృందంలో ఉంటే ముందే రాసి అడగండి. వాళ్లకు గడువు వేరు, కొన్ని స్థావరాల్లో అసలు ప్రవేశమే ఉండదు. పాస్‌లో క్యూఆర్ కోడ్ ఉంటే కాగితం మీద ప్రింట్ తీసుకోండి. వేలమంది ఒకేచోట చేరితే నెట్‌వర్క్ ఆగిపోతుంది. ఫోన్‌ను బయటే డిపాజిట్ చేయమంటే కోడ్ కూడా దాంతోపాటే పోతుంది.

ఒంటి మీద, సంచిలో

అన్నిటికన్నా ముఖ్యం కాళ్లకు వేసుకునేది. వేళ్లు మూసుకుని, అడుగు రబ్బరుతో చదునుగా ఉండి, బిగుతుగా కట్టుకునే బూట్లు వేసుకోండి. ఓడ మెట్లు ఇనుపవి, కొన్నిచోట్ల జల్లెడలా రంధ్రాలతో ఉంటాయి. ఎత్తు మడమలు వాటిలో ఇరుక్కుంటాయి, జెట్టీ నుంచి ఓడ ఎక్కే వంతెన, అంటే గ్యాంగ్‌వే దగ్గరే వెనక్కి పంపేసే అవకాశమూ ఎక్కువ. హవాయి చెప్పులు నిచ్చెన మీద జారి కింద దిగుతున్నవాళ్ల తల మీద పడతాయి. పైగా డెక్ మీద జారకుండా గరుకు పూత వేస్తారు, అది ముతక ఉప్పుకాగితంలా ఉంటుంది. దాని మీద పడితే మోకాలి చర్మం లేచిపోతుంది. విమానాలనూ హెలికాప్టర్లనూ గొలుసులతో కట్టే గుంటలు, కొక్కేలు కూడా డెక్ నిండా ఉంటాయి కాబట్టి నడిచేటప్పుడు చూపు కిందే ఉండాలి.

ప్యాంటు లాంటి బట్టలు మేలు. వేలాడే చున్నీ, పొడుగు స్కార్ఫ్, మెడలో వేలాడే కెమెరా తాడు, ఇవి వాల్వుల పిడులకు చిక్కుకుంటాయి. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి కాబట్టి చిన్న వీపు సంచి మంచిది. ఓడ లోపలికి వెళ్లాక మాత్రం దాన్ని ముందుకు తిప్పి పొట్ట మీద పెట్టుకోండి. ఇరుకు దారుల్లో వీపు మీది సంచి ఏ స్విచ్‌కు తగిలిందో మీకు తెలియదు.

చాకులు, కత్తెరలు, లైటర్లు, అగ్గిపెట్టెలు, గాజు సీసాలు, మద్యం, స్ప్రే డబ్బాలు, లేజర్ లైట్లు, వాకీటాకీలు, డ్రోన్లు ఇంట్లోనే ఉంచండి. తాళాల గుత్తికి వేలాడే బుల్లి చాకు సంగతి అందరూ మర్చిపోతారు, స్కానర్ మర్చిపోదు. చాలా స్థావరాల్లో సామాన్లు దాచే గది ఉండదు. అలాంటి చోట వస్తువును వదులుకోవాలి, లేదంటే దాన్ని వాహనంలో పెట్టొచ్చి మళ్లీ వరస చివర నిలబడాలి. మందులు స్ట్రిప్‌తోనే, చీటీతోపాటు తీసుకెళ్లండి. నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టుకెళ్లండి. ఒక గుక్క తాగి చూపించమంటే తాగి చూపించండి. టోపీకి గడ్డం కింద కట్టుకునే పట్టీ ఉండాలి. జెట్టీ మీద గాలికి ఎగిరి నీళ్లలో పడితే ఎవరూ తీసివ్వరు.

చంటిపిల్లల బండి జెట్టీ దాకానే పనికొస్తుంది. ఓడ ఎక్కాలంటే దాన్ని కింద వదిలేయాలి. బిడ్డను చంకన ఎత్తుకుని నిచ్చెన దిగనివ్వరు, దిగకూడదు కూడా. ఒంటికి కట్టుకునే క్యారియర్ ఉన్నా కొన్ని ఓడలు ఒప్పుకోవు. అలాంటప్పుడు పెద్దవాళ్లు ఇద్దరు ఉంటే వంతులవారీగా ఎక్కండి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు జెట్టీ మీది ప్రదర్శనలు హాయిగా చూడొచ్చు. విమానవాహక నౌక, సైన్యాన్ని దించే పెద్ద ఓడ లాంటివి ఉంటే వెడల్పైన ర్యాంప్ ద్వారా లోపలికి వీలవుతుందేమో ముందే అడగండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, గర్భిణులు, ఇరుకు గదులంటే భయమున్నవాళ్లు పైడెక్ దాకా మాత్రమే చూసి రావడం మంచిది. లోపల సగం దారిలో వెనక్కి తిరగడానికి చోటు ఉండదు, దారి ఒకటే దిశలో పెడతారు.

పిల్లల ముంజేతి మీద పెన్నుతో ఫోన్ నంబర్ రాయండి. తప్పిపోతే కలుసుకునే చోటును ముందే అనుకోండి. అది ఓడ కాకూడదు. ఓడలు బెర్త్ (జెట్టీ పక్కన ఓడను కట్టే చోటు) మారతాయి, ఒక్కోసారి మధ్యాహ్నానికే. జెట్టీ మీద నంబరు రాసిన క్రేన్, గోదాము గోడ, ప్రథమచికిత్స గుడారం లాంటి కదలనిది ఎంచుకోండి.

లోపలికి అడుగుపెట్టాక ఎటు వెళ్లాలి

గేటు తెరిచే వేళకు ముప్పావుగంట ముందే అక్కడ ఉండండి. వాహనాలు బయటెక్కడో ఆపి, అక్కడి నుంచి బస్సుల్లో తీసుకెళ్లడం సాధారణం. కాగితాలు, సంచి, ఒళ్లు, ఈ వరుసలో తనిఖీ జరుగుతుంది. చేతికి పట్టీ కడితే సాయంత్రం దాకా తీయొద్దు. ఒకసారి బయటికి వచ్చాక మళ్లీ రానిస్తారో లేదో అడిగి మరీ బయటికి రండి. మరుగుదొడ్డి పని జెట్టీ మీదే కానిచ్చుకోండి. ఓడలోవి సందర్శకులకు కావు.

గేటు దాటగానే కనిపించే మొదటి ఓడ దగ్గర అందరూ ఆగిపోతారు. మీరు ఆగకండి. జలాంతర్గామి తెరిచి ఉంటే నేరుగా అక్కడికి వెళ్లండి, లేకపోతే అన్నిటికన్నా దూరపు బెర్త్ నుంచి మొదలుపెట్టి గేటు వైపు చూసుకుంటూ రండి. క్యూ ఎంత వేగంగా కదులుతుందన్నది ఓడ పొడవు మీద ఆధారపడదు. లోపలి దారిలో అన్నిటికన్నా ఇరుకైన నిచ్చెన మీద నిమిషానికి ఎంతమంది దిగగలరో అదే క్యూ వేగం. ఓడ మీద ఒకేసారి ఉండగలిగేవాళ్ల సంఖ్యకు కూడా పరిమితి పెడతారు. జలాంతర్గామిలోకి ఒకేసారి పట్టేది గుప్పెడుమందే. అందుకే అక్కడి బారు పొద్దున్నే మూసేస్తారు. వరస చివర నావికుడు నిలబడి ఇక చాలు అంటే అది లెక్క చూసుకుని చెప్పిన మాట, బతిమాలితే మారేది కాదు.

చూడ్డానికి ఒక ఓడే కనిపించి క్యూ మాత్రం రెట్టింపు ఉందంటే, దాని అవతలి పక్కన ఇంకో ఓడ కట్టి ఉందేమో చూడండి. జాగా చాలనప్పుడు ఓడలను పక్కపక్కన ఆనించి కడతారు. రెండోదానికి వెళ్లాలంటే మొదటిదాని డెక్ దాటాలి. అంటే అది రెండు ఓడల క్యూ.

ఆటుపోట్ల సంగతి చాలామందికి తట్టదు. పోటు మీద ఓడ పైకి లేస్తుంది, గ్యాంగ్‌వే నిట్రగా నిలుస్తుంది. పాటు వేళ ఓడ దిగిపోయి అదే వంతెన కిందికి వాలుతుంది. ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉండే రేవుల్లో వాలు మరీ ఎక్కువైనప్పుడు ఎక్కడం కాసేపు ఆపేస్తారు కూడా. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే ఆ రోజు ఆ రేవులో పోటు, పాటు వేళలు చూసుకోండి. ఆ పట్టిక అందరికీ దొరికేదే. రెండింటికీ మధ్య, డెక్ జెట్టీకి దాదాపు సమంగా ఉన్నప్పుడు ఎక్కించండి.

ఒక డిస్ట్రాయర్ పొడవు 150 మీటర్ల పైమాటే. రెండు బెర్తులు అటూ ఇటూ తిరిగి, లోపల ఎక్కి దిగితే ఎండలో గంటలు గడిచిపోతాయి. జెట్టీ మీద నీడ ఉండదు, కాంక్రీటు కింద నుంచి సెగ కొడుతుంది. రోజుకు రెండు ఓడలు, మహా అయితే మూడు. ఆరు ఓడలు ఎక్కామని లెక్క చెప్పేవాళ్లకు ఒక్కటీ గుర్తుండదు.

గ్యాంగ్‌వే, నిచ్చెన, తలుపు

గ్యాంగ్‌వే మీద సెల్ఫీకి ఆగొద్దు. అడుగులు కలిపి వేయకండి, వంతెన ఊగుతుంది. దాని కింది కొస చక్రాల మీద ఉంటుంది, ఓడ కదిలినప్పుడల్లా అది జెట్టీ మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఆ చక్రాల దగ్గర కాలివేళ్లు, పిల్లల చేతులు పెట్టనివ్వకండి. పైన నావికులు ఓడ వెనుక కొసన ఎగిరే జెండా వైపు తిరిగి సెల్యూట్ చేస్తారు. మీరు చేయనక్కర్లేదు, అక్కడున్న అధికారిని పలకరించి చూపిన వైపు నడిస్తే చాలు. అయితే ఉదయం జెండా ఎగరేసే వేళకు, చాలా నౌకాదళాల్లో అది 8 గంటలు, సూర్యాస్తమయాన దించే వేళకు మీరు ఎక్కడున్నా ఆగాలి. ఈల గానీ బ్యూగుల్ గానీ వినగానే జెండా వైపు తిరిగి, మాటలు ఆపి, రెండో సంకేతం దాకా నిలబడండి.

లోపల మెట్లని చెప్పేవి నిజానికి నిచ్చెనలే. దిగేటప్పుడు ముఖం మెట్ల వైపు, వీపు బయటికి ఉండాలి. మెట్లు దిగినట్టు ముందుకు దిగితే మడమ అంచు మీద జారుతుంది, తల వెనుక భాగం హ్యాచ్ (నిచ్చెన దిగే కన్నం) అంచుకు కొట్టుకుంటుంది. రెండు చేతులా కమ్మీ పట్టుకోండి, ఫోన్ జేబులో పెట్టుకోండి, ముందువాళ్లు పూర్తిగా దిగేదాకా ఆగండి. పిల్లలు దిగుతుంటే పెద్దవాళ్లు వాళ్లకన్నా కింద ఉండాలి.

తలుపుల గడప జానెడు నుంచి అడుగు దాకా ఎత్తు ఉంటుంది. దాని మీద కాలు మోపకండి, దాటండి. తలుపు మూసినప్పుడు దాని చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ఆ గడప, చట్రాల సన్నని అంచు మీద బిగుసుకుంటుంది. నీళ్లు పక్క గదిలోకి పోకుండా ఆపేది ఆ అంచే. వేలమంది బూట్లు పడి అది వంగితే తలుపు ఉన్నా లేనట్టే. చట్రాన్ని చేత్తో పట్టుకుని దాటే అలవాటూ వద్దు. బరువైన తలుపు ఊగి వస్తే వేళ్లు నలుగుతాయి.

ఓడను కట్టిన మోకుల దగ్గర ఎక్కువసేపు ఉండకండి, వాటిని దాటకండి, జెట్టీ మీది ఇనుప గుంజల మీద కూర్చోకండి. నైలాన్ మోకు లాగినకొద్దీ సాగుతూ బలం నింపుకుంటుంది. తెగితే ఆ బలమంతా కొరడాలా వెనక్కి కొడుతుంది, కంటికి కనిపించే లోపే తగులుతుంది. మోకు వరుసలో కాకుండా పక్కకు, దూరంగా ఉండడమే రక్షణ. డెక్ మీద గీసిన ఎర్ర వలయాలు, గీతలు ఉంటే వాటి లోపలికి వెళ్లకండి. స్విచ్, వాల్వు, పిడి, ఏదీ ముట్టుకోకండి, పనిచేయనట్టు కనిపించినా సరే.

ఏం చూడాలి

జనం తుపాకుల కోసం వెళ్తారు. తుపాకులు చూడండి, కానీ ఓడ ఎలా బతుకుతుందో చెప్పేవి వాటి పక్కన, కింద, గోడలకు తగిలించి ఉంటాయి.

ఎక్కే ముందు జెట్టీ మీద అయిదు నిమిషాలు నిలబడి ముందు కొస నుంచి వెనుక దాకా చూడండి. పండుగ రోజు కాబట్టి ముందు కొస నుంచి స్తంభం మీదుగా వెనక్కి రంగురంగుల జెండాల తోరణం ఉండొచ్చు. అవి అలంకారానికి కుట్టినవి కావు, సముద్రంలో మాట్లాడుకునే సంకేత జెండాలు. అంతర్జాతీయ సంకేతావళిలో 26 అక్షరాలకు, 10 అంకెలకు, 3 ప్రత్యామ్నాయాలకు (అదే వరసలో పైన ఎగిరిన జెండాకు బదులు వాడేవి), ఒకటి జవాబుకు, మొత్తం 40. మోకుల మీద గుండ్రటి రేకులు కనిపిస్తాయి, ఎలుకలు మోకు వెంట ఓడ ఎక్కకుండా ఆపడానికవి. నీటి గీత దగ్గర నిలువుగా రాసిన అంకెలు ఓడ ఎంత లోతు మునిగి ఉందో చెబుతాయి. ఓడ పక్కల గోడలు నిటారుగా కాక ఏటవాలుగా ఉంటే, శత్రువు రాడార్ తరంగాలు తిరిగి వాళ్ల వైపే పోకుండా వేరే దిక్కుకు మళ్లించడానికి. పక్కన రాసిన పెద్ద నంబర్ గుర్తుపెట్టుకోండి.

ముందు డెక్ మీద లంగరు గొలుసు చూడండి. దాన్ని 27.5 మీటర్ల ముక్కలుగా లెక్కిస్తారు. ముక్క ముక్కకీ రంగు గుర్తు ఉంటుంది, ఎంత గొలుసు బయటికి పోయిందో ఆ గుర్తులు చూసి చెబుతారు. ఓడను పట్టి ఉంచేది లంగరు ఒక్కటే కాదు, సముద్రపు అడుగున పరుచుకున్న గొలుసు బరువు కూడా. 76 మిల్లీమీటర్ల తుపాకి ఉంటే దాని గుమ్మటంలో మనిషి ఉండడు. వేగవంతమైన రకం నిమిషానికి 120 గుళ్లు కాలుస్తుంది. దాని వెనక నేలలో చదరపు మూతలు వరుసగా కనిపిస్తే అవి నిలువు క్షిపణి గొట్టాలు. మీదికి వచ్చే క్షిపణులను చివరి క్షణంలో ఆపే చిన్న తుపాకులు పక్కల్లోనో, హెలికాప్టర్‌ను ఉంచే హ్యాంగర్ పైనో ఉంటాయి. ఆరు గొట్టాల 20 మిల్లీమీటర్ల ఫాలాంక్స్ అయితే నిమిషానికి 4,500 గుళ్లు. దాని డ్రమ్ములో పట్టేవి 1,550. లెక్క వేస్తే 20 సెకన్లకు కాస్త ఎక్కువ. ఇలాంటి లెక్క తెలిశాక ఆ తుపాకి వేరేగా కనిపిస్తుంది.

లోపల తలుపుల మీది గుర్తులు చదవండి. చాలా నౌకాదళాల్లో ఎక్స్, వై, జెడ్ అక్షరాలుంటాయి. ఏ స్థాయి అప్రమత్తతలో ఏ తలుపు మూసి ఉండాలో అవి చెబుతాయి. ఎక్స్ ఉన్నది పని పడితే తప్ప తెరవరు. అమెరికా ఓడల్లో ప్రతి గదికీ చిరునామా ఉంటుంది. 2-75-4-ఎల్ అని ఉంటే ప్రధాన డెక్‌ను ఒకటిగా లెక్కిస్తే రెండో డెక్, అంటే దాని కిందిదే, 75వ ఫ్రేము (ఓడ పక్కటెముక) దగ్గర మొదలు, సరిసంఖ్య కాబట్టి ఎడమ వైపు, ఎల్ అంటే నివాసం. బేసి సంఖ్య అయితే కుడి వైపు. చీకట్లో, పొగలో తప్పిపోయిన నావికుడు తను ఎక్కడున్నాడో చెప్పడానికి పెట్టిన ఏర్పాటు ఇది.

నష్టనియంత్రణ సామాను ఉన్న చోటు తప్పకుండా అడిగి చూడండి. మా దృష్టిలో ఓడ మొత్తంలో అన్నిటికన్నా విలువైన మూల అదే, ఎక్కువమంది చూడకుండా దాటిపోయేదీ అదే. అంత ఉక్కు ఓడలో అక్కడ కర్రలుంటాయి. శంకువు ఆకారపు చెక్క బిరడాలు, మేకుల్లాంటి చీలలు, దుంగలు, రంపం. చిల్లు పడితే బిరడా కొట్టి, నీరు తోసే గోడకు దుంగ అడ్డం పెట్టి చీలలతో బిగిస్తారు. తడిసిన కొయ్య ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. కొలతకు కోయడం నిమిషాల పని. ఓడలో మంట ఆర్పడం, చిల్లు పూడ్చడం వంటవాడితో సహా ప్రతివాడికీ నేర్పుతారు, సముద్రం మధ్యలో ఫైరింజన్ రాదు కాబట్టి. నీరు చిమ్మే చిల్లును పూడ్చే ప్రదర్శన ఉంటే హెలికాప్టర్ విన్యాసం వదులుకునైనా చూడండి.

ఓడను నడిపే గది అయిన బ్రిడ్జి మీద చుక్కాని చక్రం చిన్నదిగా కనిపించి పిల్లలు నిరాశ పడతారు. పెద్ద చుక్కానిని తిప్పేది హైడ్రాలిక్ యంత్రం, చక్రం దానికి సంకేతం పంపుతుందంతే. వేగం నాట్లలో చెబుతారు. ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లు. వేలాడే ఓడ గంట కనిపిస్తే దాని లెక్క పిల్లలకు చెప్పండి. అరగంటకొక దెబ్బ పెరుగుతూ నాలుగు గంటల కాపలా ముగిసేసరికి ఎనిమిది దెబ్బలు.

హెలికాప్టర్ డెక్ నడిమధ్య కొన్ని ఫ్రిగేట్లలో తేనెపట్టులాంటి గుండ్రటి ఇనుప జల్లెడ ఉంటుంది. ఊగే డెక్ మీద దిగగానే హెలికాప్టర్ అడుగు నుంచి ఒక కొక్కెం దిగి ఆ రంధ్రంలో బిగుసుకుంటుంది. విమానవాహక నౌకపై రన్‌వే ఓడ పొడవుకు కొంచెం అడ్డంగా గీసి ఉండడం గమనించండి. దిగేటప్పుడు తనను ఆపే తీగను పట్టుకోలేకపోయిన విమానం ముందు నిలిపిన విమానాల్లోకి దూసుకుపోకుండా, మళ్లీ గాల్లోకి లేవడానికి ఆ వాలు. జలాంతర్గామిలో ప్రామాణిక టార్పెడో గొట్టం వ్యాసం 533 మిల్లీమీటర్లు. దాని పక్కనే నావికుల పడకలుంటే వాటి పొడవు కళ్లతో కొలవండి. ఆ రోజు జలాంతర్గామి దక్కకపోతే బాధపడక్కర్లేదు. విశాఖపట్నం తీరంలో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా, అమెరికాలోని గ్రోటన్‌లో ఉన్న తొలి అణు జలాంతర్గామి నాటిలస్ లాంటివి మామూలు రోజుల్లో తీరిగ్గా చూడొచ్చు.

నావికులతో మాట, కెమెరాతో జాగ్రత్త

క్షిపణి ఎంత దూరం పోతుంది, ఓడ ఎప్పుడు బయల్దేరుతుంది, ఇప్పుడు లోపల ఎన్ని ఉన్నాయి, ఇలాంటివి అడగొద్దు. వాళ్లు చెప్పకూడదు, రెట్టించి అడిగితే మీ మీద కన్ను పడుతుంది. తాగునీరు ఎలా తయారవుతుంది, తుపానులో వంట ఎలా చేస్తారు, పగలూ రాత్రీ కాపలా వంతులు ఎలా పంచుకుంటారు, భుజం మీది గుర్తుకు అర్థమేమిటి, ఇవి అడగండి. సమాధానం సాగదీసి చెబుతారు. తుపాకి పక్కన నిలబడ్డ నావికుడిని వందమంది అడుగుతారు. ఇంజన్ విభాగం వాళ్లనూ వంటవాళ్లనూ ఎవరూ అడగరు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి.

ఫోటోలు తీయొచ్చన్న బోర్డు ఉన్నచోటే తీయండి, లేకపోతే నోటితో అడగండి. గేట్లు, కంచె, కాపలావాళ్లు, తెరలున్న గదులు, ఆ రోజు తెరవని ఓడలు చట్రంలోకి రాకూడదు. ఫోన్‌లో లొకేషన్ ఆపేయండి, లైవ్ పెట్టకండి. తొలగించమంటే వాళ్ల ఎదుటే తొలగించి, చెత్తబుట్ట ఫోల్డర్ కూడా ఖాళీ చేసి చూపించండి. మాట అక్కడితో ముగుస్తుంది. ఓడకూ జెట్టీకీ మధ్య సందు మీదికి వంగి ఫోటో తీయకండి, అందులో పడ్డ ఫోన్ తిరిగి రాదు.

ఎండ, వాన, చివరి గంట

హెలికాప్టర్ విన్యాసం మొదలయ్యే ముందు గొడుగులు మూసి, టోపీలు తీసి, తినే పొట్లాలు సంచిలో పెట్టండి. రెక్కల గాలి ఇసుకను కళ్లలోకి కొడుతుంది, కళ్లద్దాలు పెట్టుకుంటే మంచిది. తుపాకి వందనం ఉంటే పసిపిల్లల చెవులకు మూసే పరికరం ముందే పెట్టాలి. మొదటి చప్పుడు తర్వాత పెట్టి లాభం లేదు. ఎండకు కళ్లు తిరిగితే దగ్గర్లో ఉన్న నావికుడికి చెప్పండి, గుడారం దాకా మీరే నడవాలని చూడకండి. వాన పడితే నిచ్చెనలు మూసేస్తారు, పైడెక్ మాత్రమే ఉంచుతారు. అందుకే మబ్బు పట్టిన రోజున లోపలి భాగాలు ముందు చూసేయండి. ఓడలో ఉండగా అలారం మోగితే అది విన్యాసమో నిజమో మీరు తేల్చక్కర్లేదు. గైడు చూపిన దారిన జెట్టీ మీదికి వచ్చేయండి.

మూసే వేళ, చివరి ప్రవేశం ఒకటి కావు, మధ్య గంట పైనే ఉండొచ్చు. బయటికెళ్లే బస్సులకు బారు చివరి అరగంటలోనే పెరుగుతుంది. ముందే వస్తే కూర్చుని వెళ్తారు, లేదా జెండా దించే దాకా ఉండి రద్దీ తగ్గాక రండి, మధ్యస్థంగా మాత్రం బయల్దేరకండి. ఫోన్ డిపాజిట్ చేసి ఉంటే టోకెన్‌ను కార్డుతోపాటు మూత ఉన్న జేబులో ఉంచండి. టోకెన్ పోగొట్టుకున్నవాళ్లను అందరి ఫోన్లూ ఇచ్చేశాకే పిలుస్తారు.

ఇంటికి చేరాక ఫోటోలు పంచుకునే ముందు ఒక్కోటి పెద్దది చేసి వెనక ఏం పడిందో చూడండి. ఓడ పక్కన చూసి గుర్తుపెట్టుకున్న నంబరుతో దాని పేరు, తరగతి, ఏ సంవత్సరంలో విధుల్లో చేరిందో వెతుక్కోవచ్చు. అదే తరగతిలో ఇంకో ఓడ తర్వాతెప్పుడైనా తెరిస్తే, ఏ నిచ్చెన ఎటు పోతుందో మీకు సగం తెలిసే ఉంటుంది.